మాగ్నోలియా పొద: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి తోట శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మాగ్నోలియా గురించే ఉన్నాయి. అందుకే మిగతా మొక్కల సంగతి వచ్చే సంచికకి వాయిదా వేసి, ఈ ఒక్క మొక్క మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. ముందే ఒక మాట చెప్తాను. మాగ్నోలియా విషయంలో కష్టమంతా మొదట్లోనే ఉంటుంది. మీ వాతావరణానికి సరిపడే రకం ఎంచుకుని, సరైన చోట నాటగలిగితే, ఆ తర్వాత అది మనల్ని పెద్దగా ఏమీ అడగదు. వచ్చిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం రకం తప్పు ఎంచుకోవడం వల్లో, నాటాక మొక్కని ఊరికే వదలకుండా ఏదో ఒకటి చేస్తూ ఉండటం వల్లో వచ్చినవే.

ప్రశ్న: ఆకు ఒక్కటి కూడా లేకుండా కొమ్మల నిండా గులాబీ రంగు పూలతో ఉన్న మాగ్నోలియా ఫొటో చూశానండీ. అప్పటినుంచి మనసంతా దాని మీదే ఉంది. మా దగ్గర చలికాలంలో కూడా రాత్రిపూట 15 డిగ్రీల కంటే తగ్గదు, ఎండాకాలంలో 40 దాటుతుంది. పెంచొచ్చా?

జవాబు: ఆ ఫొటోలో ఉన్న రకం మీ దగ్గర సరిగ్గా పెరగదండీ. మొక్క కొనేసి బాధపడే కంటే ఇప్పుడే తెలుసుకోవడం మంచిది కాబట్టి సూటిగా చెప్తున్నాను.

మాగ్నోలియాల్లో 200కు పైగా జాతులు ఉన్నాయి. తోటమాలికి పనికొచ్చేలా చెప్పాలంటే వాటిని రెండు గుంపులు చేసుకోవచ్చు. చలికాలంలో ఆకులన్నీ రాల్చేసి, వసంతం రాగానే ఆకు కంటే ముందు పువ్వు పూసేవి ఒక గుంపు, ఏడాది పొడుగునా ఆకులు ఉంచుకునేవి ఇంకో గుంపు. మీరు చూసినది మొదటి గుంపుది, బహుశా సౌలాంజియానా అయి ఉంటుంది. చైనాకి చెందిన రెండు జాతులు, డెనుడాటా, లిలీఫ్లోరా, వీటిని కలిపి పుట్టించిన సంకరం అది. ఫ్రాన్స్‌లో నెపోలియన్ సైన్యంలో పనిచేసిన ఎతియెన్ సులాంజ్ బోదాఁ అనే ఆయన పారిస్ దగ్గర తన తోటలో దాన్ని తయారు చేశాడు, 1826లో మొదటిసారి పూసింది. ఆ గుంపులోనివన్నీ చలికాలంలో కొన్ని వారాల పాటు గట్టి చలి తగిలితేనే నిద్రలేచినట్టు మొగ్గ విప్పుతాయి. చలి చాలకపోతే మొగ్గలు ఎప్పుడు విచ్చుకోవాలో తెలియక ఒకటీ అరా పూస్తాయి, ఆకులు ఆలస్యంగా బలహీనంగా వస్తాయి, పైగా వేసవి వడగాలికి ఆకుల అంచులు మాడిపోతాయి. రెండు మూడేళ్ళు ఈడ్చుకొచ్చి పోతుంది.

మీకు సరిపోయేది రెండో గుంపు. అందులో పొదగా పెరిగేవాటిలో నా మొదటి ఓటు ఫిగోకి. ఇంతకుముందు దీన్ని మైకేలియా అనేవారు, ఇప్పుడు మన సంపంగితో పాటు దాన్నీ మాగ్నోలియాల్లోనే కలిపేశారు. పువ్వు చిన్నది, మీగడ రంగులో ఉండి అంచుకి కొంచెం ఊదా జీర ఉంటుంది, దూరం నుంచి చూస్తే ఆకుల మధ్య కనపడను కూడా కనపడదు. కానీ సాయంత్రం వెచ్చగా ఉన్నప్పుడు పండిన అరటిపండు వాసన తోటంతా నిండిపోతుంది. మెల్లగా పెరిగి 3, 4 మీటర్ల దగ్గర ఆగుతుంది, కత్తిరింపుకి ఓర్చుకుంటుంది, కంచెలా కూడా పెంచుకోవచ్చు. ఇంకా చిన్నది కావాలంటే కోకో అనే జాతి ఉంది. తెల్లటి పువ్వు తల వంచుకుని రాత్రిపూట విచ్చుకుంటుంది, వాసన కూడా రాత్రే ఎక్కువ. ఈ రెండూ దక్షిణ చైనా వైపు నుంచి వచ్చినవి, వేడికి, గాలిలో తేమకి అలవాటు పడినవి, ఎటొచ్చీ మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా పడకుండా చూస్తే చాలు. స్థలం ఉంటే గ్రాండిఫ్లోరా అనే జాతిలో లిటిల్ జెమ్ అనే రకం కూడా చూడండి. అరచేతికి మించిన తెల్లటి పూలు, అదీ వేసవిలోనే పూస్తాయి, కాకపోతే దాన్ని పొద అనలేం, చిన్న చెట్టు అవుతుంది.

గులాబీ పూల ఫొటో మీద మనసు పడిన మనిషికి మీగడ రంగు పువ్వు చూపిస్తున్నానని నాకు తెలుసు. కానీ మీ గాలిలో హాయిగా బతికే మొక్క ఇచ్చే సంతోషం వేరు, అది పెంచాక మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా దగ్గర చలికాలంలో మంచు పడుతుంది, తోట మాత్రం చాలా చిన్నది. చెట్టులా ఎదిగిపోకుండా పొదలా ఉండే రకం ఏది?

జవాబు: మీకు ఎంచుకోవడానికి చాలా ఉన్నాయి. ముందు చూడాల్సింది స్టెల్లాటా. జపాన్‌లో హోన్షు దీవిలోని కొద్దిపాటి ప్రాంతంలో వాగుల పక్కన, తడి నేలల్లో సహజంగా పెరిగే పొద ఇది. తోటల్లో ప్రపంచమంతా కనిపిస్తుంది కానీ అడవిలో మాత్రం అంతరించే ప్రమాదంలో ఉంది. రెండు మూడు మీటర్లకు మించి పెరగదు. సన్నటి రిబ్బన్ లాంటి తెల్లటి రేకులు ఒక్కో పువ్వుకి డజనుకు పైగా ఉంటాయి, మొక్క చిన్నగా ఉండగానే పూయడం మొదలెడుతుంది. చలికి తట్టుకోవడంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ.

దీనితో ఒకటే చిక్కు, మరీ తొందరగా పూస్తుంది, ఆ సమయంలో ఒక్క రాత్రి గడ్డకట్టే చలి వచ్చిందంటే పూలన్నీ పోతాయి. దీన్ని దృష్టిలో పెట్టుకునే వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ వృక్షాల తోట అయిన నేషనల్ ఆర్బొరీటమ్‌లో 1950ల మధ్యలో స్టెల్లాటాని లిలీఫ్లోరాతో కలిపి ఎనిమిది రకాలు తయారు చేశారు. వాటికి సూసన్, జేన్, బెట్టీ, ఆన్ అంటూ అమ్మాయిల పేర్లు పెట్టారు. ఇవి స్టెల్లాటా కంటే కొంచెం ఆలస్యంగా, చలి ముప్పు తగ్గాక పూస్తాయి, రంగు గులాబీ నుంచి ముదురు ఊదా దాకా ఉంటుంది, పొద ఆకారం చక్కగా నిలబడుతుంది. చిన్న తోటకి నన్ను ఒక్కటే చెప్పమంటే సూసన్ అంటాను. రంగు చిక్కగా ఉంటుంది, మొగ్గ నిటారుగా నిలబడి కొంచెం మెలి తిరిగి విచ్చుకుంటుంది.

వసంతపు చలి రాత్రుల టెన్షన్ అసలే వద్దనుకుంటే సీబోల్డీ ఉంది. ఇది ఆకులు వచ్చాక, వేసవి మొదట్లో పూస్తుంది. తెల్లటి పువ్వు కిందికి వేలాడుతుంది, మధ్యలో కేసరాలు ముదురు ఎరుపు. కింద నిలబడి తల పైకెత్తి చూడాల్సిన పువ్వు కాబట్టి నడిచే దారి పక్కనో, కాస్త ఎత్తు మీదో నాటుకోండి. దీనికి కొంచెం నీడ కావాలి, నేల ఎప్పుడూ చెమ్మగా ఉండాలి.

ప్రశ్న: మొక్క తెచ్చాను, కుండీలోనే ఉంది. ఎక్కడ, ఎలా నాటాలో వివరంగా చెప్పండి. గుంత లోతుగా తవ్వి అడుగున పశువుల ఎరువు నింపమని మా పక్కింటాయన అంటున్నారు.

జవాబు: ఆ సలహా చాలా మొక్కలకి ఇస్తారు, దీనికి మాత్రం పాటించకండి. మాగ్నోలియా వేళ్ళు మందంగా, మెత్తగా, కండపట్టి ఉంటాయి, లోతుకు పోకుండా పైపైనే అడ్డంగా పాకుతాయి. పచ్చి ఎరువు తగిలితే మాడిపోతాయి. పైగా అడుగున నింపిన ఎరువు చివికి కుంగిపోతుంది, దాంతో పాటు మొక్క కూడా లోపలికి దిగి మొదలు మట్టిలో పూడుకుపోతుంది. అలా పూడుకున్న మాగ్నోలియా మెల్లగా చచ్చిపోతుంది.

గుంత లోతు వేరు ముద్ద ఎత్తుకి సమానంగా చాలు, వెడల్పు మాత్రం దానికి రెండు మూడు రెట్లు ఉండాలి. కుండీలో మట్టి ఏ మట్టం దాకా ఉందో నేలలోనూ అదే మట్టం దాకా రావాలి, ఒక వేలు ఎత్తుగా ఉన్నా పర్వాలేదు, లోతుగా మాత్రం వద్దు. బాగా చివికిన ఆకు ఎరువు దొరికితే తవ్వితీసిన మట్టిలో కలిపి నింపండి. వేరు ముద్దని కుండీ నుంచి తీసేటప్పుడు గట్టిగా లాగకండి, వేళ్ళని విడదీయాలని గిచ్చకండి. మిగతా మొక్కల్లా ఇది విరిగిన వేరు చోట వెంటనే కొత్త వేరు పుట్టించుకోలేదు, గాయం ఆరడానికి చాలా కాలం పడుతుంది, ఈలోగా అక్కడ కుళ్ళు మొదలవ్వచ్చు.

నేల కొద్దిగా పులుపు గుణంతో ఉంటే దీనికి ఇష్టం, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య అన్నమాట. బంకమట్టి అయినా సరే పెరుగుతుంది, నీళ్ళు నిలవకపోతే. నీళ్ళు నిలిచే చోటైతే కొంచెం మట్టి పోసి నేలని దిబ్బలా ఎత్తు చేసి దాని మీద నాటండి.

చోటు గురించి. గాలి తాకిడి నేరుగా ఉండకూడదు, పూరేకులు చిరిగిపోతాయి. చల్లటి ప్రాంతమైతే పొద్దుటి ఎండ ముందుగా పడే తూర్పు వైపు వద్దు, ఎందుకంటే రాత్రి గడ్డకట్టిన పువ్వు మీద తెల్లవారగానే ఎండ పడితే ఒక్కసారిగా కరిగి గోధుమ రంగుకి తిరుగుతుంది, అదే నెమ్మదిగా కరిగితే చాలాసార్లు బతుకుతుంది. వేడి ప్రాంతమైతే సరిగ్గా దీనికి తిరగేసి, పొద్దుటి ఎండ మంచిది, మధ్యాహ్నం తర్వాత నీడ కావాలి. గోడకీ, ఇంకో మొక్కకీ కనీసం రెండు మీటర్ల దూరం వదలండి, ఎదిగాక జరపలేరు కాబట్టి.

నాటాక ఆకు పొట్టు, చెక్క పొట్టు, ఎండిన ఆకులు, ఏది దొరికితే అది ఐదారు సెంటీమీటర్ల మందాన మొక్క చుట్టూ పరవండి. మొదలుకి మాత్రం తగలకూడదు, జానెడు దూరం వదిలేయండి. ఈ పరుపు నేలలో చెమ్మ పట్టి ఉంచుతుంది, వేళ్ళని చల్లగా ఉంచుతుంది, కలుపు రానివ్వదు కాబట్టి పాదులో పార పెట్టాల్సిన అవసరమే ఉండదు. మొదటి రెండు వేసవులు నేల రెండంగుళాల లోతు దాకా ఆరిందనిపించినప్పుడల్లా నిండుగా నీళ్ళు పెట్టండి. రోజూ కొంచెం కొంచెం చల్లితే పైతడే గానీ వేరుకి అందదు.

ప్రశ్న: మూడేళ్ళుగా పెంచుతున్నాను, ఆకులు దట్టంగా పచ్చగా ఉన్నాయి, మొక్క ఎత్తుగా పెరిగింది, పువ్వు మాత్రం లేదు. ఏటా చలికాలం చివర్లో గుబురు రావడానికి కొమ్మలు కత్తిరిస్తాను, ఎరువు కూడా వేస్తాను. ఏం లోపం జరుగుతోంది?

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబు ఉందండీ. వసంతంలో పూసే మాగ్నోలియా వచ్చే ఏడాది మొగ్గల్ని ఈ ఏడాది వేసవిలోనే కట్టుకుంటుంది. ఆకులు రాలాక కొమ్మల చివర చూడండి, మెత్తటి నూగుతో బొద్దుగా ఉన్నవి పూమొగ్గలు, సన్నగా కోసుగా ఉన్నవి ఆకు మొగ్గలు. చలికాలం చివర్లో మీరు కత్తెర పెట్టినప్పుడల్లా కొమ్మ చివర్లలో సిద్ధంగా ఉన్న ఆ బొద్దు మొగ్గలన్నీ కింద పడుతున్నాయి. దానికి తోడు ఆ సమయంలో కొమ్మల్లో రసం పైకి ఎక్కుతూ ఉంటుంది, కోసిన చోట నుంచి కారుతూనే ఉంటుంది.

కత్తిరించక తప్పకపోతే పూలు అయిపోయాక ఆకులు పూర్తిగా విచ్చుకున్న తర్వాత, నడి వేసవి నుంచి చలి మొదలయ్యే లోపు చేయండి. అది కూడా ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేవి, లోపలికి తిరిగినవి మాత్రమే, ఏడాదికి రెండో మూడో కొమ్మలు. గుండ్రంగా బంతిలా కత్తిరించాలన్న ఆలోచనే వదిలేయండి. మాగ్నోలియా కొమ్మలకి ఒక సహజమైన విరుపు ఉంటుంది, ఆకులు రాలాక ఆ గీతే తోటకి అందం. లావు కొమ్మ కోస్తే గాయం మానడానికి ఏళ్ళు పడుతుంది, లేదా ఆ చోట నుంచి చీపురు పుల్లల్లా నిటారుగా పిలకలు లేచి మొక్క రూపమే చెడిపోతుంది.

ఎరువు సంగతి. ఆకులు అంత దట్టంగా ఉన్నాయంటే నత్రజని ఎక్కువైంది. పచ్చిక కోసం వేసే ఎరువు పక్కనే పడుతోందేమో కూడా చూసుకోండి, చాలామంది తోటల్లో జరిగేది అదే. ఏటా వసంతంలో ఒకసారి చివికిన ఆకు ఎరువు పైన పరిస్తే మాగ్నోలియాకి సరిపోతుంది.

వయసు కూడా ఒక కారణం కావచ్చు. అంటు మొక్క అయితే రెండు నుంచి ఐదేళ్ళలో పూస్తుంది. గింజ నుంచి వచ్చినదైతే ఇంకా చాలా కాలం పట్టచ్చు, హిమాలయాల్లో పెరిగే క్యాంప్‌బెల్లీ జాతికైతే గింజ మొలిచిన పాతికేళ్ళకి కూడా మొదటి పువ్వు రాకపోవచ్చు. మీది ఏదో కొన్నచోట అడగండి. నిఖార్సయిన అంటు మొక్కే అయితే ఈ ఏడాది కత్తెర, ఎరువు రెండూ పక్కన పెట్టండి, వచ్చే వసంతానికి మొగ్గలు కనపడాలి.

ప్రశ్న: ఆకులు పసుపు రంగుకి తిరుగుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఏ జబ్బు ఇది?

జవాబు: జబ్బు కాదు, ఇనుము అందడం లేదు. లేత ఆకుల్లో ముందు కనపడుతోందా చూడండి, అలా అయితే ఖాయం. నేలలో ఇనుము ఉండే ఉంటుంది, కానీ సున్నం ఎక్కువైతే, అంటే పీహెచ్ 7 దాటితే వేళ్ళు దాన్ని తీసుకోలేవు. మొక్క కొత్తగా కట్టిన గోడ పక్కన గానీ సిమెంటు దారి పక్కన గానీ ఉంటే కారణం అదే. పెట్టే నీళ్ళలో ఉప్పు, సున్నం ఎక్కువున్నా అంతే, అలాంటప్పుడు వీలైనంత వాన నీళ్ళు పట్టి పోయండి. తొందరగా గుణం కనపడాలంటే చీలేటెడ్ ఐరన్, అంటే వేళ్ళు తేలిగ్గా తీసుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము, ప్యాకెట్ మీద రాసిన మోతాదులో నీళ్ళలో కలిపి పోయండి, ఆకులు కొన్ని వారాల్లో తేరుకుంటాయి. శాశ్వతంగా సరిచేయాలంటే గంధకం పొడి కొద్ది కొద్దిగా నేలపై చల్లుతూ, ఆకు ఎరువు పరుస్తూ పోవాలి, దానికి నెలలు పడుతుంది. పాత ఆకులు కూడా మొత్తంగా పసుపెక్కి రాలుతుంటే మాత్రం విషయం వేరు, వేళ్ళ దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయేమో తవ్వకుండా పక్కనుంచి పుల్ల గుచ్చి చూడండి.

ప్రశ్న: నిన్న రాత్రి దాకా అద్భుతంగా ఉన్న పూలు ఈ పొద్దున లేచేసరికి గోధుమ రంగులో వేలాడుతున్నాయి. ఏడుపొచ్చింది. మొక్క పోయినట్టేనా?

జవాబు: మొక్కకి ఏమీ కాలేదండీ, ధైర్యంగా ఉండండి. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకి దిగువకి వెళ్ళి ఉంటుంది. మూసి ఉన్న మొగ్గ గట్టి చలిని కూడా ఓర్చుకుంటుంది, విచ్చుకున్న రేకు మాత్రం కొద్దిపాటి గడ్డకట్టుడుకే చెడిపోతుంది. ఇంకా మూసి ఉన్న మొగ్గలు ఉంటే అవి రాబోయే రోజుల్లో పూస్తాయి. వాడిన పూలని కోయాల్సిన పని లేదు, వాటంతట అవే రాలతాయి, ఆకులు మామూలుగానే వస్తాయి.

ఇకమీదట చలి రాత్రి వస్తుందని తెలిస్తే సాయంత్రమే పాత దుప్పటో, పలుచటి గుడ్డో మొక్క మీద కప్పి పొద్దున ఎండ ఎక్కాక తీసేయండి. ప్లాస్టిక్ పట్టా వద్దు, అది తగిలిన చోటల్లా పువ్వు ఇంకా తొందరగా గడ్డకడుతుంది. ఏటా ఇదే జరుగుతుంటే గోడ పక్కన చోటు వెచ్చగా ఉండటం వల్ల ఆ మొక్క మోసపోయి ముందుగానే పూస్తోందని అర్థం, తర్వాత నాటే మొక్క ఇంకొంచెం చల్లటి చోట ఉంటే ఆలస్యంగా పూసి తప్పించుకుంటుంది. ఆన్‌లైన్‌లో చూసి దక్షిణపు గోడకి ఆనించి నాటినవాళ్ళందరికీ ఈ కష్టం తప్పడం లేదు.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో నీలి రంగు మాగ్నోలియా గింజలు కనిపించాయి, ఆర్డర్ పెట్టనా? గింజల నుంచి మొక్క తెప్పించడం ఎలా?

జవాబు: పెట్టకండి. ఆ ఫొటోల్లో ఉన్నలాంటి నీలి మాగ్నోలియా పువ్వు ప్రపంచంలో లేదు, ఫొటోకి రంగు మార్చి అమ్ముతున్నారు. తెలుపు, గులాబీ, ఊదా, మీగడ రంగు ఉన్నాయి, పసుపు కూడా ఉంది, బ్రూక్లిన్ బొటానిక్ గార్డెన్‌లో తయారైన ఎలిజబెత్ అనే రకం లేత పసుపులో చాలా అందంగా ఉంటుంది. రంగు రంగుల గింజల ప్యాకెట్ మీద డబ్బు పోతే పోయింది గానీ, అది మొలుస్తుందని నెలల తరబడి కుండీకి నీళ్ళు పోస్తూ ఎదురు చూసేవాళ్ళని తలచుకుంటే బాధేస్తుంది.

పైగా మాగ్నోలియా గింజ ఎండితే మొలక శక్తి పోతుంది, కాబట్టి ప్యాకెట్‌లో ఎండిపోయి వచ్చిన గింజ నిజమైనదే అయినా నమ్మకం తక్కువ. మీకు తెలిసినవాళ్ళ తోటలో మొక్క ఉంటే కాయ పగిలి ఎర్రటి గింజలు దారాల్లాంటి పోగులకి వేలాడేటప్పుడు తెచ్చుకోండి. ఆ ఎర్రటి తొక్కని ఒకటి రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి రుద్ది తీసేస్తే లోపల నల్లటి గింజ ఉంటుంది. దాన్ని తడి ఇసుకలో కలిపి సంచిలో పెట్టి మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టే అరలో కాదు. చలికాలం గడిచిందని గింజకి అలా నమ్మకం కలిగాక బయట విత్తితే మొలుస్తుంది. ఇది చలి దేశపు రకాలకి చెప్పిన పద్ధతి. ఇంకో సంగతి, సూసన్ లాంటి సంకర రకం గింజ నుంచి మళ్ళీ సూసన్ రాదు, తల్లి పోలిక కొంత, మరేదో కొంత వస్తుంది.

అదే మొక్క కావాలంటే నేల అంటు అన్నిటికంటే సులువు. కిందుగా ఉన్న లేత కొమ్మని వంచి, నేలకి తగిలే చోట కొద్దిగా గాటు పెట్టి, మట్టి కప్పి పైన రాయి పెట్టండి. ఏడాదో, రెండేళ్ళో పడుతుంది వేళ్ళు రావడానికి. పుల్ల నాటి కూడా చేయొచ్చు, వేసవి మొదట్లో లేత కొమ్మ తీసుకుని వేరు హార్మోన్ పొడి అద్ది నాటాలి, కానీ వేళ్ళు వచ్చాయి కదా అని వెంటనే కుండీ మార్చితే చచ్చిపోతుంది, మరుసటి వసంతంలో కొత్త చిగురు వచ్చేదాకా అలాగే ఉంచాలి.

ప్రశ్న: ఆకులన్నీ జిగటగా ఉన్నాయి, వాటి మీద నల్లటి మసి పట్టింది, కొమ్మల నిండా చీమలు. చీమల మందు చల్లాను, లాభం లేదు.

జవాబు: చీమలు కారణం కాదండీ, అవి తీపి కోసం వచ్చాయి. కొమ్మల అడుగు వైపు గోధుమ రంగులో, బొడిపెల్లా అతుక్కుని ఉన్నవి కనపడతాయి చూడండి, గోటితో గీరితే ఊడి వస్తాయి. అవి పొలుసు పురుగులు. కొమ్మ రసం పీల్చి తియ్యటి జిగురు విసర్జిస్తాయి, అది కింది ఆకుల మీద పడితే దానిపై మసి బూజు పెరుగుతుంది. మాగ్నోలియా మీద వచ్చే పొలుసు పురుగుల్లో ఒక జాతి ఒక్కొక్కటి ఒక సెంటీమీటరు దాకా పెరుగుతుంది, అందుకే చాలామంది దాన్ని పురుగు అనుకోరు, బెరడు మీద కాయ అనుకుంటారు.

తక్కువగా ఉంటే చేత్తొడుగు వేసుకుని మెత్తటి బ్రష్‌తో, సబ్బు నీళ్ళతో రుద్ది తీసేయండి. ఈ పని విసుగనిపించినా మందు కంటే బాగా పనిచేస్తుంది. బాగా పట్టిన కొమ్మ ఒకటి రెండు ఉంటే కోసి పారేయండి. తర్వాత వేప నూనె గానీ, తోటలకి వాడే నూనె మందు గానీ ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో కొమ్మల అడుగు కూడా తడిసేలా పిచికారీ చేయండి. పెద్ద పురుగుకి గట్టి పెంకు ఉంటుంది కాబట్టి దాని మీద మందు అంతగా పారదు, గుడ్ల నుంచి బయటికి వచ్చి పాకే పిల్ల పురుగుల మీద పారుతుంది. రకాన్ని బట్టి అవి వేసవి చివర్లో ఎక్కువగా కనపడతాయి, భూతద్దంతో కొమ్మ చూస్తే తెలుస్తుంది. ఎండ మండే సమయంలో నూనె కొట్టకండి, ఆకులు మాడతాయి. అక్షింతల పురుగులు కనపడితే వాటిని ఉండనివ్వండి, అవి ఈ పిల్ల పురుగుల్ని తింటాయి. పురుగు పోతే మసి వానకి తనంతట తానే కడుక్కుపోతుంది.

ప్రశ్న: బాల్కనీ మాత్రమే ఉంది. కుండీలో పెంచొచ్చా?

జవాబు: పెంచొచ్చు, చల్లటి చోటైతే స్టెల్లాటా, వెచ్చటి చోటైతే ఫిగో లేదా కోకో. కుండీ లోతు కంటే వెడల్పు ముఖ్యం, 45 సెంటీమీటర్లకు తగ్గకుండా తీసుకోండి, అడుగున రంధ్రాలు ఉండాలి. మొదట్లోనే పెద్ద కుండీలో పెడితే మాటిమాటికీ మార్చే బాధ తప్పుతుంది, ఈ మొక్కకి కుండీ మార్పిడి అంటే అసలు గిట్టదు. కుండీ మట్టి వేసవిలో రోజూ చూసుకోవాలి, నేలలో ఉన్న మొక్క రెండు రోజులు ఓర్చుకుంటుంది గానీ కుండీలోది ఓర్చుకోలేదు.

ప్రశ్న: మా పిల్లలు మాగ్నోలియా పువ్వు లోపల చిన్న చిన్న పెంకు పురుగులు చూశారు. పువ్వుని తినేస్తున్నాయా? మందు కొట్టాలా?

జవాబు: కొట్టకండి, పిల్లల్ని పిలిచి చూపించండి. మాగ్నోలియా చాలా పాత కుటుంబం, 9 కోట్ల ఏళ్ళకు పైబడిన శిలాజాలు దొరికాయి. ఇప్పుడు మనం చూసే తేనెటీగలు ఇంకా ఇలా విస్తరించక ముందే, పువ్వులో పుప్పొడి మోసుకెళ్ళే పని పెంకు పురుగులది. మాగ్నోలియా ఇప్పటికీ వాటి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. పువ్వు మధ్యలో పైకి లేచిన కోను లాంటి భాగం గట్టిగా ఉంటుంది, పురుగులు తొక్కినా కొరికినా పాడవదు. రేకుల్లో కూడా ఇది రక్షక పత్రం, ఇది ఆకర్షణ పత్రం అన్న తేడా కనపడదు, రెండూ ఒకేలా ఉంటాయి.

పువ్వు మొదట విచ్చుకున్నప్పుడు దానిలోని ఆడ భాగం సిద్ధంగా ఉంటుంది, పుప్పొడి ఇంకా రాలదు. వాసనకి వచ్చిన పురుగులు వేరే పువ్వు నుంచి తెచ్చిన పుప్పొడిని అక్కడ వదులుతాయి. తర్వాత చాలా జాతుల్లో పువ్వు కొంతసేపు ముడుచుకుంటుంది, మళ్ళీ విచ్చుకునేసరికి మగ దశ వస్తుంది, కేసరాలు పుప్పొడి రాలుస్తాయి, లోపల ఉన్న పురుగులు అది పూసుకుని ఇంకో పువ్వుకి వెళ్తాయి. ఒకే పువ్వు పుప్పొడి అదే పువ్వుకి చేరకుండా చేసుకున్న ఏర్పాటు ఇది. రేకులకి నాలుగు కొరుకుళ్ళు పడినా పర్వాలేదండీ. పిల్లలకి ఒక పువ్వుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మర్నాడు ఒకసారి చూపించండి, తేడా వాళ్ళే కనిపెడతారు.

ఇంకో సరదా కూడా ఉంది. వసంతంలో పూసే రకమైతే మొగ్గలు ఉబ్బేటప్పుడు అన్నీ ఒకే దిక్కుకి వంగుతాయి గమనించమనండి. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్న చోట్ల ఎండ దక్షిణం వైపు నుంచి పడుతుంది కాబట్టి మొగ్గకి ఆ వైపు ముందుగా వెచ్చబడి వేగంగా పెరుగుతుంది, అందుకని కొన ఉత్తరానికి తిరుగుతుంది.

ప్రశ్న: మా మాగ్నోలియాకి ఏడేళ్ళు. ఇల్లు పెంచుతున్నాం, దాన్ని ఇంకో చోటికి మార్చాలి. అలాగే దాని కింద ఖాళీ నేలలో పూల మొక్కలు వేసుకోవచ్చా?

జవాబు: ఏడేళ్ళ మొక్కని కదపకుండా ఇంటి ప్లాన్ మార్చుకోవడానికి వీలుంటే ముందు ఆ దారి చూడండి, నిజంగానే అంటున్నాను. తప్పదంటే ఆకులు రాలిపోయాక, చిగురు మొదలవ్వక ముందు తీయాలి, ఆకులు రాల్చని రకమైతే ఎండలు లేని చల్లటి రోజుల్లో. వేళ్ళు లోతుగా ఉండవు, వెడల్పుగా ఉంటాయి కాబట్టి వీలైనంత దూరం నుంచి గుండ్రంగా తవ్వి, మట్టి ముద్ద విడిపోకుండా గోనెపట్టాలో చుట్టి, ఎత్తేటప్పుడు కాండం పట్టుకోకుండా ముద్దనే పట్టుకుని మోయాలి, కనీసం ముగ్గురు నలుగురు కావాలి. కొత్త గుంత ముందే తవ్వి సిద్ధంగా ఉంచండి. ఆ తర్వాత ఒకటి రెండేళ్ళు పూయకపోవచ్చు, నీళ్ళు మాత్రం ఒక్క వేసవిలో కూడా తప్పకూడదు. ముందు జాగ్రత్తగా ఈ ఏడాదే ఒక కొమ్మకి నేల అంటు కట్టి పెట్టుకోండి, పెద్ద మొక్క దక్కకపోయినా దాని పిల్ల ఉంటుంది.

కింద పూల మొక్కల గురించి అయితే, వేసేది ఒక్కసారే వేయండి. మాగ్నోలియా చిన్నగా ఉన్నప్పుడే, దానితో పాటే, మళ్ళీ మళ్ళీ తవ్వాల్సిన అవసరం లేని నీడ మొక్కలు మొదలుకి దూరంగా నాటితే ఇబ్బంది లేదు. ఏటా పీకి కొత్తవి నాటే సీజన్ పూలు మాత్రం వద్దు, ప్రతిసారీ పార దిగేది దాని వేళ్ళ మీదే. మీరు ఎలాగూ చోటు మారుస్తున్నారు కాబట్టి, కొత్త చోట మొదటి రెండేళ్ళు కింద ఆకు పొట్టు తప్ప ఏమీ వేయకండి.